స్పీకర్‌లో పులి గాండ్రిస్తున్నా కదలని కోతి, తోటి కోతి ఒక్క అరుపుకే పరుగెత్తింది. వాటికి భాష ఉందంటారా?

మక్కచేను_కావలి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నిర్మల్ వైపు. రెండెకరాల్లో మక్క వేశాను, కంకి పాలు పోసుకునే దశలో ఉంది. కోతుల బెడద ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. టపాకాయలు, వలలు, మంచె మీద కావలి అన్నీ అయ్యాయి. చివరికి పక్క ఊళ్లో చూసి ఒక స్పీకర్ కొన్నాను. పెన్‌డ్రైవ్‌లో పులి గాండ్రింపు, కుక్కల మొరుగుడు, కొండముచ్చు అరుపు వేసి ఇచ్చారు.

మొదటి రోజు మంద మొత్తం ఒక్క ఉదుటున చింతచెట్టెక్కింది. రెండో రోజూ అంతే. మూడో రోజు చెట్టెక్కలేదు, గట్టు మీద కూర్చుని స్పీకర్ వైపే చూశాయి. నాలుగో రోజు ఒక ముసలి ఆడకోతి స్పీకర్ కట్టిన గుంజ పక్కనే కూర్చుని కంకి ఒలిచింది. పొట్టు ఒక్కో పొరా తీసి పక్కన పడేసి, పీచు చేత్తో దులిపి మరీ తింది. పక్కన పులి గాండ్రిస్తూనే ఉంది.

నష్టం సంగతి అలా ఉంచండి. అదే సాయంత్రం చెట్టు మీది కోతి ఒకటి చిన్నగా ఒక్క అరుపు అరిచింది. అంతే, ఆ ముసలిది చేతిలో కంకి వదిలేసి పరుగో పరుగు. తిరిగి చూస్తే పక్క చేను కుక్క వస్తోంది. అంత పెద్ద పులిని లెక్కచేయనిది ఆ చిన్న అరుపుకి ఎందుకు కదిలింది? ఆ అరుపులో "కుక్క" అనే మాట ఉందా? రెండు రోజుల నుంచి ఇదే ఆలోచన. తెలిసినవాళ్లు చెప్పండి.

అడవిదారి | సోమవారం, రాత్రి 10:25

అన్నా, మీరు అడిగిన ప్రశ్న మీదే కెన్యాలో ఏళ్ల తరబడి పని జరిగింది. వాళ్లు వాడిన పనిముట్టు కూడా స్పీకరే.

అంబోసెలీ అనే చోట వర్వెట్ కోతులుంటాయి. చిరుతను చూస్తే ఒక అరుపు, గద్దను చూస్తే ఒకటి, పామును చూస్తే ఇంకొకటి అని 1967లో స్ట్రూసేకర్ అనే పరిశోధకుడు రాశాడు. అది మాట లాంటిదా, ఉత్త భయమా అని తేల్చడానికి సేఫార్త్, చేనీ, మార్లర్ ఆ అరుపులు రికార్డు చేసి, పొదలో స్పీకర్ దాచి వినిపించారు. 1980లో ఫలితాలు వచ్చాయి. చిరుత అరుపు వినిపిస్తే కోతులు చెట్టెక్కాయి. గద్ద అరుపుకి తలెత్తి ఆకాశం చూశాయి, కొన్ని పొదల్లో దూరాయి. పాము అరుపుకి వెనక కాళ్ల మీద నిలబడి గడ్డిలో వెతికాయి. అప్పుడక్కడ చిరుతా లేదు, గద్దా లేదు, పామూ లేదు, ఉన్నది శబ్దం ఒక్కటే. శబ్దం పెంచినా తగ్గించినా, పొడిగించినా కుదించినా అవి చేసే పని మారలేదు. అంటే ఎంత భయం వేసిందన్నది కాదు లెక్క, దేని గురించి అన్నది.

మీ ముసలి కోతి విషయానికి ఇంకా దగ్గరైన ప్రయోగం ఒకటుంది, 1988 నాటిది. మన "నాన్నా పులి" కథే అనుకోండి. వేరే మంద కనబడినప్పుడు వర్వెట్లు "వ్ర్ర్" అంటాయి. ఆ మందతో కొట్లాట దాకా వస్తే "చటచట" లాంటి వేరే అరుపు. ఈ రెండూ వినడానికి ఒకలా ఉండవు, విషయం మాత్రం దాదాపు ఒకటే. చేనీ, సేఫార్త్ ఒకే కోతి గొంతుతో "వ్ర్ర్" పదే పదే వినిపించారు. దగ్గర్లో వేరే మందేమీ లేదు. కాసేపటికి మిగతావి పట్టించుకోవడం మానేశాయి. తర్వాత అదే కోతి "చటచట" వేస్తే దాన్నీ పట్టించుకోలేదు. వేరే కోతి గొంతుతో వేస్తే మాత్రం లేచి చూశాయి. అదే పద్ధతిలో ఒక కోతి చిరుత అరుపుని అలవాటు చేసి, తర్వాత దాని గద్ద అరుపు వేస్తే, ఆకాశం చూడటం మానలేదు.

అంటే వినే కోతి రెండు లెక్కలు వేసుకుంటోంది. చెబుతున్నది ఎవరు, చెబుతున్నది దేని గురించి. మీ స్పీకర్ మీ చేలో "నాన్నా పులి" పిల్లాడైపోయింది. చెట్టు మీది కోతి మీద నమ్మకం మాత్రం పోలేదు.

పక్కా_ఆధారం | మంగళవారం, ఉదయం 7:15

జువాలజీ చెప్పేవాణ్ణి కాబట్టి ఒక జాగ్రత్త చెబుతాను. అడవిదారి గారు రాసిన ప్రయోగాలన్నీ నిజమే. అయితే అవన్నీ వినేవాళ్ల గురించి. అరిచేవాళ్ల సంగతేంటి?

వర్వెట్ పిల్లలు మొదట్లో కొంగని చూసినా, పైనుంచి ఆకు రాలినా గద్ద అరుపే అరుస్తాయి. అరుపుని ఎవరూ నేర్పలేదు. పైనుంచి వచ్చేదానికి ఈ అరుపు అన్నది పుట్టుకతోనే ఉంది. ఏది నిజం గద్దో మెల్లగా తెలుస్తుంది, అంతే.

రీసస్ కోతి పిల్లల్ని జపాన్ మకాక్ (మకాక్ అంటే రీసస్ కూడా చేరే కోతుల వర్గం) తల్లులకీ, వాటి పిల్లల్ని రీసస్ తల్లులకీ ఇచ్చి పెంచిన ప్రయోగం ఒకటి 1990ల మొదట్లో వచ్చింది. పిల్లలు చివరిదాకా దాదాపు తమ జాతి అరుపులే అరిచాయి. పెంపుడు తల్లులు మాత్రం ఆ కొత్త రకం అరుపుల్ని అర్థం చేసుకుని స్పందించడం నేర్చుకున్నాయి.

2019లో సెనెగల్‌లో జరిగినది నాకు అన్నిటికన్నా ఇష్టం. అక్కడి గ్రీన్ మంకీలు వర్వెట్లకి దగ్గరి చుట్టాలు. అవి గద్దకి ప్రత్యేకంగా అరిచినట్టు ఎవరూ రికార్డు చేయలేదు. యూలియా ఫిషర్ బృందం వాటి మీదుగా డ్రోన్ ఎగరేసింది. అవి అరిచిన అరుపు ఖండానికి ఆ చివర కెన్యాలో వర్వెట్లు గద్దకి అరిచే అరుపుకి ఎంతో దగ్గరగా ఉంది. జీవితంలో ఎన్నడూ చూడని వస్తువుకి, లక్షల ఏళ్ల నాటి అరుపు. తర్వాత డ్రోన్ శబ్దాన్ని మాత్రమే స్పీకర్‌లో వినిపిస్తే అవి ఆకాశం వైపు చూశాయి. ఒకట్రెండు సార్లకే ఆ పాఠం నేర్చేసుకున్నాయి.

అందుకే నా మాట ఇది: కోతి నోరు పుట్టుకతో వచ్చినదానితోనే నడుస్తుంది, చెవి మాత్రం రోజూ నేర్చుకుంటుంది. మనిషికి రెండూ నేర్చుకుంటాయి. భాష ఎలా పుట్టిందన్న ప్రశ్న నా దృష్టిలో "నోరు చెవిని ఎప్పుడు, ఎలా అందుకుంది" అన్న ప్రశ్నే.

మక్కచేను గారూ, మీ కోతుల తోక పొడుగా, పొట్టా? ఒళ్లు వెనక భాగం ఎర్రగా ఉంటుందా?

మక్కచేను_కావలి | మంగళవారం, ఉదయం 8:02

తోక పొట్టి సార్, ఒంటికి సగం కూడా ఉండదు. వెనక ఎరుపే.

పక్కా_ఆధారం | మంగళవారం, ఉదయం 8:10

అయితే రీసస్. గోదావరికి దక్షిణాన ఎక్కువగా తల మీద టోపీలా వెంట్రుకలుండే పొడుగు తోక కోతులుండేవి, బానెట్ మకాక్‌లు. ఇప్పుడు రీసస్ కిందికి దిగుతూ వాటి చోటు ఆక్రమిస్తోంది. ఏ జాతో తెలియకుండా అరుపు గురించి మాట్లాడుకుంటే పొరపాటు పడతాం, అందుకే అడిగాను.

గొంతుమాట | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. "నోరు చెవిని అందుకోవడం" అన్న మాట చదివి ఆగలేక రాస్తున్నాను, ఎందుకంటే నా పని రోజంతా అదే.

వినబడని బిడ్డ కూడా పుట్టగానే ఏడుస్తుంది, నవ్వుతుంది, "ఊ" "ఆ" అంటుంది. అవి చెవితో పనిలేకుండా వచ్చేవి. ఆరేడు నెలలకి మామూలు పిల్లలు "బబబ, దదద" మొదలుపెడతారు. వినబడని పిల్లలకి అది ఆలస్యమవుతుంది, కొందరికి సరిగా రానే రాదు. తన నోటి నుంచి వచ్చింది తన చెవికి చేరకపోతే మనిషి నోరు ముందుకు సాగదు. స్క్విరల్ మంకీల్లో మాత్రం పుట్టుకతో వినబడని పిల్ల కూడా జాతి అరుపులన్నీ మామూలుగానే అరుస్తుంది. తేడా అక్కడుంది.

నా దగ్గరికి వచ్చే నాలుగేళ్ల పాప ఒకతె ఉంది. కాక్లియర్ ఇంప్లాంట్ (వినబడటానికి చెవి లోపల అమర్చే పరికరం) పెట్టి ఏడాది అయింది. మొన్న నా గొంతు మీద అరచెయ్యి పెట్టుకుని "మ" అనిపించుకుంది, తర్వాత తన గొంతు మీద పెట్టుకుని "మ" అంది. చెయ్యి అటూ ఇటూ ఒక పదిసార్లు మార్చింది. రెండు చోట్లా ఒకే వణుకు వస్తోందో లేదో సరిచూసుకుంటోంది. ఏ కోతి పిల్లా తన అరుపుని తల్లి అరుపుతో ఇలా సరిచూసుకోదు.

ఇక గొంతు నిర్మాణం మాట. కోతి స్వరపేటిక పైన ఉంటుంది కాబట్టి మాట రాదని చాలా పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. ఫిలిప్ లీబర్‌మన్ 1969లో చెప్పిన వాదం అది. 2016లో ఫిచ్, ఘజన్‌ఫర్ వాళ్లు ఒక మకాక్ తింటున్నప్పుడు, ఆవులిస్తున్నప్పుడు, అరుస్తున్నప్పుడు ఎక్స్‌రే వీడియో తీసి, ఆ నోటితో ఏ శబ్దాలు సాధ్యమో కంప్యూటర్‌లో లెక్కగట్టారు. అయిదు అచ్చులకి సరిపడా చోటుంది. ఆ లెక్కతో "నన్ను పెళ్లి చేసుకుంటావా" అనే ఇంగ్లీషు వాక్యాన్ని కూడా కోతి గొంతులో వినిపించారు, అర్థమవుతుంది కూడా. లోటు గొంతులో లేదు, దాన్ని నడిపించే మెదడులో ఉంది. మనకి మెదడు పైపొర నుంచి స్వరపేటిక నరాల దాకా నేరుగా దారి ఉంది. కోతుల్లో అది లేనట్టే లెక్క.

అయినా గొంతులో అసలు మార్పే లేదనుకోకండి. 2022లో నిషిమురా బృందం 43 జాతుల్ని పరిశీలించింది. కోతులకి, వానరాలకి (చింపాంజీ లాంటి తోకలేని జాతులకి) స్వరతంత్రుల అంచున పల్చటి పొర ఒకటుంటుంది. దానివల్లే ఆ కీచుదనం, ఆ గొంతు చీలినట్టు రావడం. మనకి ఆ పొర పోయింది. దాంతో స్వరం స్థిరంగా నిలుస్తుంది. ఒక పొర తగ్గడం వల్ల మనకి మేలు జరిగిందని చదివి నేను చాలాసేపు అదే ఆలోచిస్తూ ఉండిపోయాను.

సంధి_సమాసం | మంగళవారం, రాత్రి 8:50

నేను భాషాశాస్త్రం పీజీ చేస్తున్నాను. విడి అరుపుల కన్నా వాటి కలయికలు ముఖ్యం అనిపిస్తుంది.

ఐవరీ కోస్ట్‌లో తాయీ అడవి ఉంది. అక్కడి క్యాంప్‌బెల్ కోతుల్లో మగది చిరుతకి "క్రాక్" అంటుంది, గద్దకి "హొక్" అంటుంది. వీటి చివర "ఊ" చేరితే అర్థం పలచబడుతుంది. "క్రాక్ఊ" అంటే ఏదో కలవరం, అంత పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. కరీం ఊవటారా, లెమాసన్, జూబర్‌బ్యూలర్ 2009లో రాశారు. నాకు తెలుగులో తోచిన పోలిక: "పులి" అంటే పరిగెత్తుతాం, "పులిలాంటిదేదో" అంటే ముందు తొంగి చూస్తాం. మూలపదానికి చిన్న ప్రత్యయం తగిలి అర్థాన్ని వదులు చేస్తోంది. అందులో "బూమ్ బూమ్" అని ముందు చేర్చి "క్రాక్ఊ"లు అంటే చెట్టో కొమ్మో విరిగిపడుతోందని.

ఇంకో విశేషం. సియెర్రా లియోన్‌లో తివాయ్ అనే దీవి ఉంది, అక్కడ చిరుతలు లేవు. అక్కడ అదే జాతి కోతులు ఉత్త "క్రాక్"ని మామూలు హెచ్చరికగా వాడతాయి. ఒకే మాటకి రెండు ఊళ్లలో రెండు అర్థాలు! మన దగ్గరా ఒక జిల్లా మాటకి ఇంకో జిల్లాలో వేరే అర్థం ఉంటుంది కదా.

పక్కా_ఆధారం | మంగళవారం, రాత్రి 9:20

తమ్ముడూ, పోలిక బాగుంది కానీ అక్కడే ఆగు. తివాయ్ కోతులు ఆ అర్థాన్ని ఒకదాని నుంచి ఒకటి నేర్చుకున్నాయని ఎవరూ చూపలేదు. "క్రాక్"కి మొదటి నుంచీ "ప్రమాదం" అన్న వెడల్పు అర్థమే ఉండి, "క్రాక్ఊ" అనే వదులు మాట పక్కనే ఉన్నందువల్ల తాయీలో అది చిరుతకి ఇరుకై ఉండొచ్చని ష్లెంకర్ వాళ్లు 2014లో వాదించారు. వినేవాడి ఊహతో పని జరిగిపోతుంది. మళ్లీ చెవి దగ్గరికే వచ్చాం.

ఇంకొకటి. మకాక్ తల్లి దగ్గర ప్రయోగం చేశారు: ప్రమాదం తల్లికి తెలుసు, పిల్లకి తెలియదు. పిల్లకి తెలియదు కదా అని తల్లి ఎక్కువ అరుస్తుందా? అరవలేదు. అవతలివాళ్లకి ఏం తెలుసో లెక్కలోకి తీసుకోకపోతే దాన్ని మనం చెప్పడం అనం కదా.

అడవిదారి | మంగళవారం, రాత్రి 10:05

మకాక్‌లకి అది నిజం సార్. చింపాంజీలకి కాదు. ఉగాండాలోని బుడోంగో అడవిలో దారి మీద విషపాము బొమ్మని పెట్టారు. పాముని ముందే చూసిన తోటివాళ్లు పక్కనుంటే తక్కువగా, చూడనివాళ్లు వస్తుంటే ఎక్కువగా హెచ్చరించాయి. క్రాక్‌ఫర్డ్ బృందం, 2012. మనకి దగ్గరి చుట్టాల్లో నోరు కూడా కొంచెం కదిలింది.

మన దగ్గరి సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ల కింద నల్లమలలో జంతు గణనకి వెళ్లాను. తోడుగా వచ్చిన చెంచు పెద్దాయన వాగు ఒడ్డున ఠక్కున ఆగి చెయ్యెత్తాడు. నాకేమీ వినబడలేదు. తర్వాత దూరంగా కొండముచ్చు, దగ్గినట్టు గరగరమని ఒక అరుపు. వాగు అవతల మేస్తున్న దుప్పుల మంద తలలెత్తింది, ఒకటి ముందు కాలు నేలకేసి కొట్టింది. పెద్దాయన దుప్పుల వైపు చూడలేదు, కొండముచ్చు ఎటు చూస్తోందో చూశాడు. "పైన కూర్చున్నోడికి కనబడతది" అన్నాడు. పావుగంట తర్వాత ఇసుకలో తడి ఆరని చిరుత అడుగులు దొరికాయి.

దుప్పికి కొండముచ్చు అరుపు అరవడం రాదు, అర్థం మాత్రం తెలుసు. పెద్దాయనకీ అంతే. ఒకే అరుపుని మూడు జాతులు విన్నాం, అందులో నేనే వెనకబడ్డాను.

మైసూరు_మల్లి | బుధవారం, ఉదయం 11:40

అందరూ అరుపుల గురించే రాస్తున్నారు, చేతుల్ని మర్చిపోయారు. పెళ్లై మైసూరు వచ్చాక బందీపూర్ చాలాసార్లు వెళ్లాను. అక్కడి బానెట్ కోతులు రోడ్డు పక్కన మనిషి తింటుంటే చెయ్యి చాచి, "కూ" అని మెత్తగా అంటాయి. మనిషి తమ వైపు చూస్తున్నాడా లేదా అన్నది కూడా అవి గమనిస్తాయి. బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వాళ్లు, అనింద్య సిన్హా బృందం, దీన్ని 2018లో రాశారు. మనుషులతో మెలగడం మొదలయ్యాక ఆ కోతులు వాడుతున్న సైగ అది. అరుపు మార్చుకోలేని జీవి చెయ్యి వాడకం ఎంత తేలిగ్గా మార్చుకుందో చూడండి.

చింపాంజీలదీ అదే కథ. హేయ్స్ దంపతులు వికీ అనే చింపాంజీని ఇంట్లో బిడ్డలా పెంచి ఏళ్ల తరబడి నేర్పితే, మామా, పాపా, కప్, అప్ అని నాలుగు మాటలు, అవీ కష్టంగా. 1966లో గార్డ్‌నర్ దంపతులు వాషో అనే చింపాంజీకి సైగల భాష మొదలుపెడితే వందకు పైగా సైగలు నేర్చుకుంది. భాష ముందు చేతుల్లో పుట్టి తర్వాత నోటికి వచ్చిందనే వాళ్ల మాట నాకు నచ్చేది ఇందుకే.

గొంతుమాట | బుధవారం, మధ్యాహ్నం 2:15

మల్లి గారూ, చేతులకి భాష మొత్తాన్ని మోసే శక్తి ఉందన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నికరాగువాలో 1970ల చివర, 80లలో బధిరుల బడిలో చేరిన పిల్లలు ఎవరూ నేర్పకుండానే కొత్త సైగల భాష తయారుచేసుకున్నారు, వెనక వచ్చిన చిన్నపిల్లలు దానికి వ్యాకరణం దిద్దారు. కానీ చేతుల నుంచి నోటికి ఎందుకు మారింది అన్నదానికి నాకు తృప్తినిచ్చే జవాబు దొరకలేదు. రెండూ కలిసే పెరిగాయేమో అనిపిస్తుంది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కూడా మన చెయ్యి ఆడుతూనే ఉంటుంది కదా.

సంధి_సమాసం | బుధవారం, రాత్రి 9:30

పక్కా_ఆధారం సార్‌కి ఇంకో రెండు. "నోరు పుట్టుకతో వచ్చింది" అన్నది అన్ని జాతులకీ ఒకేలా వర్తించదు. మార్మొసెట్ అనే చిన్న కోతుల పిల్లలకి తల్లిదండ్రులు ఎంత బదులిస్తే అంత త్వరగా వాటి అరుపు పెద్దవాళ్లలా మారుతుందని 2015లో తేలింది. ఒకదాన్నొకటి వేర్వేరు అరుపులతో, పేరు పెట్టి పిలిచినట్టు పిలుస్తాయని 2024లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూపించారు.

2025లో బొనోబోల (చింపాంజీలకి దగ్గరి చుట్టాలు) మీద వచ్చింది ఇంకా పెద్దది. కాంగోలోని కొకొలొపోరిలో 700 రికార్డింగులు తీసి, ఒక్కోదానికీ 300కి పైగా సందర్భ వివరాలు రాసుకుని లెక్కగట్టారు. నాలుగు కలయికల్లో విడి అరుపుల అర్థాల నుంచి కలయిక అర్థం వస్తోంది. అందులో మూడింటిలో ఒక అరుపు రెండోదాని అర్థాన్ని మారుస్తోంది, మన విశేషణం లాగా.

పక్కా_ఆధారం | బుధవారం, రాత్రి 10:10

మార్మొసెట్ల విషయంలో నా మాట సరిదిద్దుకుంటాను, అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది. బొనోబో పని కూడా శ్రద్ధగా చేసినదే.

అయినా ఒక అంతరం మిగులుతుంది. "నిన్న ఇక్కడికి పులి వచ్చింది" అని ఏ కోతీ చెప్పలేదు. దానికి దగ్గరగా వచ్చింది నాకు తెలిసి సుమత్రా ఒరాంగుటాన్ తల్లులు. పులి చారల గుడ్డ కప్పుకున్న మనిషి చెట్ల కింద పాకుతూ వెళ్తే, అతను ఉన్నంతసేపూ నోరు మెదపలేదు. అతను వెళ్లిపోయాక సగటున 7 నిమిషాలకి అరవడం మొదలుపెట్టాయి, 2018లో వచ్చింది. పిల్ల పక్కనుండగా, ప్రమాదం దాటాక, దాటిన ప్రమాదం గురించి అరిచాయి. నిన్నటి మాట అనలేం గానీ, ఏడు నిమిషాల కిందటి మాట.

అడవిదారి | బుధవారం, రాత్రి 10:30

మక్కచేను అన్నా, పనికొచ్చే మాట కూడా ఒకటి. స్పీకర్‌ని రోజంతా మోగించకండి. గుంజ మీంచి తీసి కనబడకుండా దాచండి, చోటు మార్చండి, మంద గట్టు దాటే క్షణంలో ఒక్కసారి మాత్రం వేసి ఆపేయండి. ఎంత తక్కువ అబద్ధమాడితే అంత ఎక్కువ రోజులు నమ్ముతాయి. కొండముచ్చుని తెచ్చి కట్టేయమని ఎవరైనా చెబితే వినకండి, అది వన్యప్రాణి చట్టం కింద నేరం, ఆ జీవికి నరకం.

మక్కచేను_కావలి | తర్వాతి శుక్రవారం, రాత్రి 8:15

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అన్నీ రెండేసిసార్లు చదివాను, మా అమ్మాయికి కూడా చదివి వినిపించాను. అడవిదారి అన్న చెప్పినట్టు స్పీకర్‌ని వయ్యారిభామ పొదలో దాచి, రోజుకి ఒకటి రెండుసార్లే వేశాను. ఏడు రోజులు ఆగాయి. ఎనిమిదో రోజు మళ్లీ వచ్చాయి, కానీ అప్పటికి సగం కంకులు ఇంటికి చేరాయి.

ఇవాళ పొద్దున ఒకటి చూశాను, అది చెప్పాలనే వచ్చాను. గాలికి ఒక పాలిథీన్ కవరు లేచి చేను మీదుగా ఎగిరింది. తల్లి పక్కనున్న చిన్న పిల్లకోతి దాన్ని చూసి గట్టిగా అరిచింది. ఆ రోజు కుక్క వచ్చినప్పటి అరుపు లాంటిదే, గొంతు మాత్రం సన్నం. మందలో ఒక్కటి కూడా కదల్లేదు. తల్లి తలెత్తి కవరుని చూసింది, పిల్లని చూసింది, మళ్లీ కంకిలో మునిగింది. పిల్ల ఇంక అరవలేదు. కవరు తుమ్మచెట్టుకి తగులుకునేదాకా దాని వైపే చూస్తూ కూర్చుంది.

పక్కా_ఆధారం | శుక్రవారం, రాత్రి 8:21

వర్వెట్ పిల్ల, రాలిన ఆకు! వీడియో తీశారా?

మక్కచేను_కావలి | శుక్రవారం, రాత్రి 8:24

లేదు సార్, చేతిలో కొడవలి ఉంది. రేపటి నుంచి ఫోన్ జేబులోనే పెట్టుకుంటాను.